గ్లాసులో నీళ్లు ఎందుకెక్కాయి

తిరిగిన దేశాలన్నిటి సైన్సు పుస్తకాల్లోనూ ఒకే బొమ్మ చూశాను. పళ్లెంలో నీళ్లు, మధ్యలో వెలిగే కొవ్వొత్తి, దానిమీద బోర్లించిన గాజు గ్లాసు. కొవ్వొత్తి ఆరుతుంది, నీళ్లు గ్లాసులో ఐదో వంతు ఎక్కుతాయి. గాలిలో ప్రాణవాయువు ఐదో వంతు గనక, అది ఖర్చయిన చోటులోకి నీళ్లొచ్చాయని కింద రాసి ఉంటుంది. ముచ్చటైన లెక్క. ముచ్చటైన అబద్ధానికి ఆయుష్షెక్కువ. అచ్చయిన అబద్ధాల మీద నేనే ఒక గ్రంథం రాద్దును, దాన్నీ ఎవరో పాఠంగా పెట్టేస్తారని భయపడి మానుకున్నాను.

సరే, ఈ కథ ఆ గ్లాసు బోర్లించే మనిషిది. బడి ల్యాబులో ఇరవై ఆరేళ్లుగా అటెండరు. పిల్లలు బీకరు బాబాయి అనేవారు. పక్కగదిలో పాత పుస్తకాలకు జాబితా రాస్తూ నేనొక ఏడాది ఉన్నాను. నా కాలు ఒకచోట నిలిచిన ఏడాది అదొక్కటే.

ఒకరోజు గ్లాసు తుడుస్తూ వచ్చాడు.

"పుస్తకాలాయనా, ఓ అనుమానం. కొవ్వొత్తి వెలుగుతున్నంతసేపూ నీళ్లు కదలవండీ. పైగా గ్లాసు అంచు కింద బుడగలొస్తాయి. ఆరిపోయాకే గబగబా ఎక్కుతాయి. కొవ్వొత్తులు ఎక్కువ పెడితే ఇంకా పైకెక్కుతాయి. గ్లాసదే, గాలదే. ఐదో వంతు ఎలా మారుతుందండీ?"

నేను చెప్పాను: వేడికి గాలి ఉబ్బి కొంత బయటికి పోతుంది, మంట ఆరాక మిగిలింది చల్లబడి ముడుచుకుంటుంది, నీళ్లు ఎక్కేది ముఖ్యంగా అందుకే. ప్రాణవాయువు పూర్తిగా అయిపోకముందే మంట ఆరిపోతుంది. "నువ్వు చూసిందే నిజం బాబాయ్" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఆ ఏడే అతనికి ల్యాబ్ అసిస్టెంటు పరీక్ష. వయసును బట్టి అదే ఆఖరుది. తప్పితే ల్యాబు తాళాలు కొత్తవాళ్లకి, అతను ఆఫీసు గుమ్మం ముందు స్టూలు మీదకి. జీతం గురించి కాదు అతని బెంగ, ఆ గది గురించి.

రాతపరీక్ష గట్టెక్కాడు. మౌఖిక పరీక్ష రోజు భార్య చొక్కా గుండీ కుడుతూ, "వాళ్ల చేతిలో పుస్తకముంటుంది. అందులో ఉన్నదే చెప్పిరా. నీ కళ్లు చూసింది ఇంటికొచ్చి నాకు చెప్పు, ఇన్నేళ్లూ వినలేదూ?" అందట.

నీళ్లెందుకెక్కుతాయని అడిగితే అలాగే చెప్పాడు. "ప్రాణవాయువు ఐదో వంతండీ." పరీక్ష చేసే ఇద్దరిలో పెద్దాయన తలూపి మార్కు వేయబోయాడు. పక్కనున్నాయన సరదాకి, "రోజూ చేస్తావుగా, సరిగ్గా ఐదో వంతే వస్తుందా?" అన్నాడు.

పుస్తకంలో లేని ప్రశ్న. అతని చేతులకు మాత్రం తెలుసు.

"ఒకటి పెడితే రాదండీ. రెండు పెడితే గ్లాసు మీది ఐదో వంతు గీతదాకా వస్తుంది. మూడైతే దాటిపోతుంది. అందుకని రెండే పెడతాను."

"అంటే పిల్లల్ని మోసం చేస్తున్నావన్నమాట!" అన్నాడు పెద్దాయన.

"గీత దగ్గర ఆగాలని సైన్సు మాస్టారే అన్నారండీ." ఆపైన ఆగలేకపోయాడు. బుడగలూ, చల్లబడటమూ అన్నీ చెప్పేశాడు.

"నీ కుందేలుకి మూడే కాళ్లా? పుస్తకం రాసినవాళ్లకంటే నీకెక్కువ తెలుసా?"

"తెలీదండీ. చూశాను."

ఇద్దరూ కడుపుబ్బ నవ్వారట. నెగ్గినవాళ్ల జాబితాలో అతని నంబరు లేదు.

రెండేళ్లకు మళ్లీ అటు వెళ్లాను. గుమ్మం ముందు స్టూలు మీద ఉన్నాడు. ల్యాబు వరండా చివరే, అయినా అతను అటు వీపు పెట్టి కూర్చున్నాడు.

"నువ్వు చూసిందే నిజం" అన్నాను మళ్లీ, చేతకాని ఓదార్పుగా.

"ఏమోనండీ. అంత చదువుకున్నవాళ్లు... నా చూపే ఆనలేదేమో."

"ఇంట్లో చేసి చూడకపోయావా?"

"మా ఆవిడా అదే అంది. గ్లాసూ, పళ్లెం, కొవ్వొత్తులూ తెచ్చి ముందు పెట్టింది."

"మరి?"

"వెలిగించలేదండీ."

లోపల బెల్లు మోగింది. లేచి వెళ్లాడు.