అత్తకు తొవ్వ కనబడే తలదిండు

చెడిపోయినదల్లా బాగవుతుందని నమ్మే వయసు ఒకటి ఉంటుంది అందరికీ. ఆ రోజుల్లో ఆ నమ్మకం నాకు ఉండాల్సినదానికంటే కాస్త ఎక్కువే ఉండేది. మాది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. వనపర్తిలో మేనమామ ఇంట్లో ఉండి పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతుండేదాన్ని. ఆ తరగతిలో ఆడపిల్లలం ఇద్దరమే (రెండో ఆమె కూడా సగంలో కంప్యూటర్ల వైపు వెళ్లిపోయింది). అందువల్ల మా ఇంట్లో మిక్సీ మొరాయించినా, పక్కింట్లో కుట్టుమిషను దారం తెంపుతున్నా నాకే కబురు వచ్చేది. నేను ధైర్యంగా విప్పేదాన్ని. మళ్లీ బిగించాక ఒకటో రెండో స్క్రూలు మిగిలేవి. "మిగిలినయంటే అవి అక్కరలేనివే కోడలా" అని మా మామ నన్ను వెనకేసుకొచ్చేవాడు. నాకు 'ఇంజినీరమ్మ' అని పేరు పెట్టింది ఆయనే.

మామ కిరాయి కారు నడిపేవాడు. ఎక్కువగా వనపర్తి నుంచి పెబ్బేరు మీదుగా గద్వాలకు. మంచి పొడగరి. కారెక్కితే తల కప్పుకు తగిలేది కాబట్టి ఎప్పుడూ ఎవరికో దండం పెట్టబోతున్నట్టు కొంచెం వంగి కూర్చునేవాడు. ఆ కారు ముందు సీట్లకు తల ఆనించుకునే తలదిండ్లు ఉండేవి కావు. అంటే, కొన్నప్పుడు ఉన్నాయి. మా అత్తకు వెనక సీట్లో కూర్చుంటే ముందర దారి కనబడాలి, లేకపోతే కడుపులో తిప్పుతుంది. గద్వాలలో పుట్టింటికి పోయినప్పుడల్లా దారి పొడుగునా కారు ఆపించాల్సి వచ్చేసరికి మామ ఆ రెండింటినీ పీకి ఇంట్లో పడేశాడు. ఒకదాన్ని అత్త పీట మీద మెత్తగా వేసుకుని పల్లికాయలు ఒలిచేది. రెండోదాన్ని పిల్లి తీసుకుంది.

పెబ్బేరు సంత రోజున ఒక ఎద్దుల జత రోడ్డుకు అడ్డంగా వస్తే మామ కారు ఆపాడు. వెనక వచ్చే డీసీఎం వ్యాను ఆగలేదు. పెద్ద దెబ్బేం కాదు. వెనక డిక్కీ సొట్ట పోయింది, అంతే. కారులో మామ తప్ప ఎవరూ లేరు. రక్తం చుక్క కారలేదు. ఇంటికొచ్చి అన్నం తిని, ఆ ఎద్దులు ఎంత తీరిగ్గా రోడ్డు దాటాయో నడిచి చూపించి మమ్మల్ని నవ్వించాడు కూడా. తెల్లారి మంచం మీది నుంచి లేవబోతే తల లేవలేదు. చేత్తో జుట్టు పట్టుకుని తన తలను తనే లేపుకున్నాడు. మేమింకా ఎద్దుల ఆటే సాగుతుందనుకుని నవ్వాం.

దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే ఫొటో తీయించి, మెడకు పట్టీ వేసి, మామూలుగా అడిగినట్టే అడిగాడు: "సీటుకు తల ఆనే దిండు లేకుండెనా? వెనక నుంచి గుద్దినప్పుడు ఒళ్లు సీటుతో పాటు ముందుకు పోతది, తల వెనక్కి ఇరుగుతది. అది ఉంటే ఇంత కాకపోవు." మామ ఏదో గొణిగాడు. అత్త గోడ దగ్గర నిలబడి వింటోంది. ఇంటికొచ్చాక పీట మీది దిండును తీసి, సబ్బు పెట్టి కడిగి, దండెం మీద ఆరేసింది. ఎండాక దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె అన్నం సగం తిని లేవడం అప్పటి నుంచే మొదలు.

మామ ఎడమచేతి వేళ్లు తిమ్మిరెక్కి గేరు మీద నిలవడం మానేశాయి. నెలలు గడిచినా అంతే. కారు ఇంటి ముందు నిలబడిపోయింది. అప్పుడు ఇంజినీరమ్మ రంగంలోకి దిగింది. పాత దిండునే మళ్లీ పెట్టవచ్చు కదా అని మీరడగవచ్చు. అది ఎంత పైకి లాగినా మామ మెడ దగ్గరే ఆగిపోయేది. పైగా, అది పెడితే అత్తకు మళ్లీ దారి కనబడదు. ఎత్తు మారాలి, ముందుకూ వెనక్కీ జరగాలి, తలను ఆపాలి, దారిని ఆపకూడదు. మామ తలను టేపుతో అన్ని వైపుల నుంచీ కొలిచాను. "టోపీ కుడుతవా ఏంది కోడలా?" అన్నాడాయన, మెడ తిప్పకుండా, గోడతో చెబుతున్నట్టు.

కారు సీట్లు కుట్టే ఒక చాచా బస్టాండు దగ్గర ఉండేవాడు, మామ దోస్తు. నేను గీసిన బొమ్మ చూసి కాసేపు ఆలోచించి, లోపలి నుంచి ఒక పాత మంగలి కుర్చీకి తల ఆనించే తలకట్టు తెచ్చాడు. "పైకి కిందికి జరుగుతది బేటీ. ఇంతకన్న మంచిది నాకు తెల్వదు." దాన్నే డ్రైవరు పక్క సీటుకు స్క్రూలతో బిగించాం. మామ కూర్చుని, తల ఆనించి, కళ్లు మూసుకుని, "ఇగ గీకు" అన్నాడు. చాచా కారును మెల్లగా పెబ్బేరు రోడ్డుకు తీశాడు. మొదటి గుంతకే తలకట్టు జారి మామ చెవుల మీద బిగుసుకుంది. దారిలో తెలిసినవాళ్లు పలకరిస్తుంటే పాపం ఆయన కళ్లతోనే జవాబు చెప్పాడు. నొప్పి పుట్టిందని మాతో అనలేదు. ఇంటి దగ్గర దిగాక మామ కంటి కొసల్లో నీళ్లు చూసి చాచా నావైపు చూడకుండా స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు.

రెండోది మెత్తగా, వెడల్పుగా చేశాం. ఈసారి మామ మీద ప్రయోగం చేసే ధైర్యం లేక ముందు అత్తను కూర్చోబెట్టాను. అత్తది పెద్ద కొప్పు. కొప్పు దిండుకు తగిలి తల ముందుకు నెట్టేసింది. గడ్డం గుండెలకు ఆనింది. పంచాయితీలో తప్పు ఒప్పుకోవడానికి కూర్చున్న మనిషిలా ఉంది. నాకూ చాచాకూ నవ్వు ఆగలేదు. నేను నవ్వుకుంటూనే, "లే అత్తా, సరిజేస్త" అన్నాను. ఆమె లేవలేదు. తల అలాగే వంచుకుని, "ఉండనియ్యి బిడ్డా. నాకు గిట్లనే ఉండాలె" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. చాచాకు అయింది. స్క్రూడ్రైవరు కింద పెట్టి, "చాయ్ తాగొస్త" అని వెళ్లిపోయాడు.

మూడోది దిండు కాదు, చట్రం. ఇనుప కడ్డీని వంచి, చుట్టూ స్పాంజి చుట్టి, నడుమ ఖాళీ వదిలాం. కొప్పు ఆ ఖాళీలోకి పోతుంది, తల అంచుకు ఆనుతుంది, వెనక కూర్చున్నవాళ్లకు ఆ ఖాళీలోంచి దారి కనబడుతుంది. చూడటానికి పళ్లూడిన నోరులా ఉండేది. మామ డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. నేను పక్కన మోకాళ్ల మీద నిలబడి నట్లు బిగిస్తున్నాను. అత్త వెనక సీట్లోకి ఎక్కి, ఆ కంతలోంచి ముందరి అద్దం వైపు చూసింది.

"కనబడుతుందా?" అన్నాడు మామ.

"కనబడుతుంది." ఆ కంత అంచును వేలితో తడిమింది. "నేనే గద తీయించిన. నా కడుపు తిప్పుడు నీ మెడకొచ్చె."

నేను బిగించిన నట్టునే పానాతో మళ్లీ బిగించాను. మామ వెనక్కి తిరగలేడు. ముందరి అద్దంతోనే మాట్లాడాడు. "నువ్వు చెప్తే తీసిన్నా? నువ్వు చెప్పినయి నేనెన్ని చేసిన జర చెప్పు. గోడకు సున్నమెయ్యమంటివి, ఏసిన్నా? నాకే అడ్డమొస్తుండె అది. ఎనక బండ్లు కనబడకపోతుండె. నీ పేరు చెప్పి తీసిన."

అది నిజమో అబద్ధమో నాకు ఇప్పటికీ తెలియదు. అత్త మాత్రం సీటు వెనక తల ఆనించి చాలాసేపు ఏడ్చింది. ఆ పూట ముద్ద వదలకుండా అన్నం తిని, గోడకు సున్నం ఎప్పుడు వేస్తావని అడిగింది.

మామ మళ్లీ కిరాయికి పోలేదు. వేళ్లు తిరిగి రాలేదు. కానీ మంచం మీద, కుర్చీలో ఎక్కడా నిలవని ఆయన మెడ ఆ చట్రానికి ఆనిస్తే నిలిచేది. అందుకని మధ్యాహ్నం పూట ఇంటి ముందు నిలబడ్డ కారులో కూర్చునేవాడు, అద్దాలు దించుకుని, చేతులు స్టీరింగు మీద పెట్టుకుని. "యాడికి పోతున్నవన్నా?" అని దారినపోయేవాళ్లు అడిగేవారు. "గద్వాల. ఎక్కుతవా?" అనేవాడు. వెనక సీట్లో అత్త పల్లికాయలు ఒలిచేది. కొందరు నిజంగానే ఎక్కి, కాసేపు ముచ్చట పెట్టి, దిగిపోయేవారు. తర్వాత వడ్డేపల్లి మనిషెవరో కారు కొన్నాడు. కొనేముందు ఆ చట్రాన్ని అనుమానంగా చూస్తే, చాచా ఆ సీటు విప్పి వసారాలో పెట్టి, కారుకు వేరే సీటు బిగించి ఇచ్చాడు. మామ ఆఖరి రోజుల దాకా ఆ పాత సీట్లోనే కూర్చున్నాడు. నిరుడు వానాకాలంలో జ్వరం వచ్చి పోయాడు.

నేనిప్పుడు కారు సీట్లు తయారుచేసే కంపెనీలో పనిచేస్తున్నాను. తలదిండ్లే నా పని. మనిషంత బొమ్మలను సీట్లలో కూర్చోబెట్టి వెనక నుంచి గుద్దించి, మెడ ఎంత వంగిందో కొలుస్తాం. ఈమధ్య ఒకరోజు పని లేక, వనపర్తి చట్రం కంప్యూటరులో గీసి, లెక్క వేసి చూశాను. చిన్న దెబ్బకే ఊడిపోతుంది. ఊడి, నేరుగా మెడ మీదే పడుతుంది. సాయంత్రం అత్తకు ఫోన్ చేశాను.

"అత్తా, మామకు నేను చేసింది నిజంగ బండి గుద్దితే ఆగేది కాదు. ఇయ్యాల లెక్కేసి సూసిన."

అవతల అత్త నవ్వింది. మామ పోయాక ఆమె నవ్వు వినడం అదే మొదటిసారి.

"ఇంటి ముందల నిలబడ్డ బండిని ఎవడు గుద్దుతడు బిడ్డా?"

నాకూ నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేశాక, చేతినిండా గ్రీజు పూసుకుని, ప్రపంచంలోని మెడలన్నీ తన మీదే ఆధారపడ్డాయన్నట్టు పానా పట్టుకుని మోకాళ్ల మీద నిలబడ్డ ఆ పిల్ల కళ్లముందు మెదిలింది. ఏమీ తెలియదు దానికి. పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు సూత్రాలు చెప్పాలనిపించింది. మళ్లీ, వద్దులే, ముందా నట్టు బిగించనీ, అనుకున్నాను.