కర్రి చేపిన సాయంత్రం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎర్రావును కర్రి అని పిలిచేవాళ్లం. వడమాలపేటకు కాస్త లోపలగా ఉన్న మా ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు ఆ పిలుపు వింటే, ఈ ఇంటివాళ్లకు నలుపేదో ఎరుపేదో తెలియదు కాబోలు అనుకునేవారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. మా తాత తల్లి కాపురానికి వస్తూ వెంట తోలుకొచ్చిన పొట్టి ఆవు నిజంగానే కాటుకలా నల్లగా ఉండేదట. అందుకని దానికి కర్రి అని పేరు. ఆ తర్వాత దాని సంతతిలో ఏది ఎర్రగా పుట్టినా, మచ్చలతో పుట్టినా పేరు మాత్రం కర్రే. ఇంటిపేరు మార్చుకుంటామా ఏమిటి?

ఆ ఒక్క ఆవుతోనే మా పాడి మొదలైంది. ఆ జేజవ్వ పెరుగు కుండ నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లు తిరిగి అమ్మింది. మా తాత సైకిలుకు అటొకటి ఇటొకటి క్యాన్లు తగిలించి పుత్తూరు హోటళ్లకు పాలు పోశాడు. మా నాయన కాలానికి జెర్సీ ఆవులొచ్చాయి, రేకుల కొట్టం వచ్చింది, రెండు పూటలా పాలవ్యాను వచ్చి మా గేటు ముందు హారను కొట్టడం వచ్చింది. అంతంతేసి జెర్సీల వరుస చివర, ఒక మూల, పొట్టిగా మొండిగా కర్రి ఉండేది. దాని పాలు మాత్రం ఎప్పుడూ వ్యాను ఎక్కలేదు. ఇంట్లో పిల్లలకీ, ఊళ్లో బాలింత ఉన్న ఇళ్లకీ పోయేవి. ఆ వాడుక ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు, మానేసినవాళ్లూ లేరు.

నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లున్నప్పుడు కర్రి ఈనిన కోడెదూడ కడుపు జబ్బు చేసి చనిపోయింది. ఆ ముందు రోజంతా దాన్ని గోనెపట్టాలో చుట్టి నేను ఒళ్లోనే పెట్టుకున్నాను. పోయాక మా నాయన దాన్ని తీసుకెళ్లి చేను గట్టున పూడ్చి వచ్చాడు. ఆయన కాళ్లు కడుక్కుంటుంటే కర్రి ఆయన వచ్చిన దారి వైపే మెడ సాచి అరిచింది.

ఆనాటి నుంచి కర్రి చేపడం మానేసింది. ఆవు మనసు కదిలి, పాలు పొదుగులోకి దిగి రావడాన్నే చేపడం అంటాం. దూడ వచ్చి పొదుగును కుమ్మితే గానీ నాటావు చేపదు. జెర్సీలకు ఆ పట్టింపులేదు, తవుడు తొట్టి ముందు పెడితే చాలు. మా అవ్వ చెంబు పట్టుకుని ఎంతసేపు కూర్చున్నా కర్రి పొదుగు బండరాయిలా ఉండిపోయేది. జెర్సీ దూడను దగ్గరకు తోలితే కొమ్ము విసిరింది. ఇలాగే వదిలేస్తే ఆవు ఒట్టిపోతుంది. చేపడానికి సూదులు వేసే రోజులవి. మా నాయన ఆ మాట ఎత్తితే అవ్వ ఒప్పుకోలేదు.

మా నాయన చెడ్డవాడు కాదు. అన్ని ఆవుల మేత ఒక్కడే చూసుకునే మనిషి. "లేదమా, ఇంగ ఇది చేపదు. బేరగాడు రేపు పొద్దన వస్తానన్నాడు. ఆ తావులో ఇంగో జెర్సీని కట్టుకుంటాం" అన్నాడు, ఆవు వైపు చూడకుండా.

బేరగాడు తోలుకెళ్లిన ఆవు సంతకు పోతుందని, సంత నుంచి యాడికి పోతుందో ఎవరూ చెప్పరని నాకు తెలుసు. మా జేజవ్వ తెచ్చిన ఆవు వరుస రేపటితో అయిపోతుంది. నేను నోరు తెరిచి ఏడవబోతుంటే అవ్వ నా నెత్తిన చేయి పెట్టి, "ఈ పొద్దు మాపటేల దాకా ఆగు నాయనా. ఆపైన నీ ఇష్టం" అని కొడుకుతో అంది.

తర్వాత ఆమె చేసిన పనులు నాకు అంతుబట్టలేదు. నన్ను బడికి పోవద్దంది. నీళ్లు పోసుకోవద్దంది. దూడను ఒళ్లో పెట్టుకున్న నాటి గౌను, అమ్మ ఉతకడానికి నానబెట్టబోతుంటే లాక్కొచ్చి మళ్లీ నాకే తొడిగింది. బడీ లేదు, స్నానమూ లేదు. ఇంతకన్నా పండగ ఏముంటుంది? మా అమ్మ మాత్రం ముక్కు మూసుకుని, అవ్వకు మతి గానీ చలించిందా అన్నట్టు చూసింది. అవ్వ అవేమీ పట్టించుకోకుండా దిబ్బ దగ్గరకు వెళ్లి, నాయన పారేసిన గోనెపట్టాను దులిపి తెచ్చింది.

సాయంత్రం వ్యాను వచ్చి వెళ్లాక, కొట్టం సద్దుమణిగాక, అవ్వ నన్ను కర్రి ముందు మోకాళ్ల మీద వంచి కూర్చోబెట్టి ఆ గోనెపట్టా కప్పింది. కదలొద్దని చెప్పి తను చెంబుతో పొదుగు దగ్గర కూర్చుంది. నాకు భయమేసింది. కొమ్ము విసిరితే? పట్టా లోపల చీకటి, దూడ వాసన. నా ఏడుపు నాకే వినబడకుండా పళ్లు బిగించుకున్నాను.

ముందు ఒక వెచ్చటి ఊపిరి తగిలింది. మెడ మీద, చెవి మీద, మళ్లీ మెడ మీద. ఆ తర్వాత గరుకు నాలుక. పట్టాను పక్కకు తోసి నా జుట్టు, నా వీపు, నా చేతులు అది నాకుతూనే ఉంది. చర్మం మండింది. నేను కదలలేదు. అంతలో చెంబులో పాలధార పడిన చప్పుడు వినబడింది. "చేపింది మే, చేపింది" అని అవ్వ గుసగుసగా అంది. కొట్టం గుంజకు ఆనుకుని మా నాయన నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. మర్నాడు బేరగాడు కాఫీ తాగి ఉత్త చేతులతో వెళ్లిపోయాడు.

కర్రి చేపిన నాటి రాత్రి నా ఒంటికి నూనె రాస్తుంటే, ఆవును మనం మోసం చేశాం కదా అని అవ్వను అడిగాను.

"మోసమేంది మే? కన్నతల్లికి తన బిడ్డ తెలీదా? నువ్వు దూడవు గావని దానికి బాగా తెలుసు. నాలికతో నాకేదానికి ఎవురో ఒకరు కావల్ల దానికి. బిడ్డ పోతే ప్రేమ యాడికి పోతాది? లోపల్నే గడ్డ కట్టుకోని ఉంటాది. ముందర ఒకరు కూసుంటే దిగొస్తాది" అంది.

అప్పట్లో నాకు ఆ మాట సగమే తలకెక్కింది. మిగతా సగం అవ్వ పోయాక తెలిసింది. అప్పటికి నేను తిరుపతిలో కాలేజీలో చదువుతున్నాను. కర్మకాండలన్నీ అయిపోయినా మా నాయన కంట ఒక్క చుక్క రాలేదు. పాలు పితికేవాడు, క్యాన్లు వ్యానుకు ఎత్తేవాడు, కంచం ముందు కూర్చుని లేచిపోయేవాడు. బంధువులు వంతులవారీగా ధైర్యం చెప్పారు. ఆయన అందరికీ తలూపాడు.

ఒక సాయంత్రం ఆయన కర్రి దగ్గర ఊరికే కూర్చుని ఉన్నాడు. నేను దండెం మీది అవ్వ పాత చీర భుజాల చుట్టూ కప్పుకుని వెళ్లి, ఆయన ముందు తల వంచుకుని కూర్చున్నాను. చాలాసేపటికి ఆయన చేయి నా తల మీద పడింది. జుట్టు నిమిరింది. "మా అమ్మ వాసన వస్తా ఉండాది మే" అన్నాడు. చీర కొంగును ముఖానికి అదుముకున్నాడు. మా నాయన ఏడవడం నేను చూసింది అదే మొదలు.

ఇప్పుడు ఆ పాడి నేనే చూసుకుంటున్నాను. ఇప్పుడున్న కర్రి తెల్లగా ఉంటుంది. పిల్లలు నవ్వుతారు, నవ్వనీ. ఊళ్లో ఎవరింట్లోనైనా మనిషి పోతే నేను ధైర్యపు మాటలు పట్టుకుని వెళ్లను. వాళ్ల చేతికి అందేంత దగ్గరగా కూర్చుంటాను. చేపేదాకా కూర్చుంటాను.