మామిడి కొత్త అయ్యేదాకా

మా అమ్మ ఉగాదికి ముందురోజు మధ్యాహ్నం బొబ్బిలి నుంచి దిగింది. శృంగవరపుకోటలో బస్సు మారి, ఘాటీ మలుపులన్నింటికీ నిమ్మకాయ వాసన చూసుకుంటూ డుంబ్రిగుడ చేరేసరికి ముఖం వాడిపోయి ఉంది. అయినా కూర్చోలేదు. సంచి విప్పి వేపపువ్వు పొట్లం, కొత్త చింతపండు, బెల్లం ఒక్కొక్కటే తీసి వంటింటి గట్టు మీద పేర్చింది. మా చలికి ఇక్కడ వేపచెట్టు సరిగ్గా బతకదని ఆవిడకు తెలుసు. మామిడికాయ మాత్రం తేలేదు.

"మీ వాకిట్లోనే చెట్టుంటే నానెందుకు మొయ్యాలే?" అంది.

ఆ చెట్టు నిజానికి మాది కాదు. ఇల్లూ మాది కాదు, అద్దెది. రెండూ ఎదురింటి అత్తవి. అత్త అన్నది నేను కలుపుకున్న వరస. ఆవిడ కొండ మనిషి, పై వాలులో కాఫీ మొక్కలు, కింద చోడి చేను, అదే రాగి చేను, చూసుకుంటుంది. మా ఆయనకి కరెంటాఫీసులో ఉద్యోగం కావడంతో ఈ ఊరు వచ్చాం. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. నేను మిషను ముందు కూర్చుని జాకెట్లు కుడుతుంటే పిల్ల అత్త చెంగు పట్టుకుని చేను గట్ల మీద తిరిగి పెరిగింది. ఇప్పుడు రెండో తరగతి చదువుతోంది.

అసలు సంగతేమిటంటే అమ్మ పండగకోసం రాలేదు, పిల్లకోసం వచ్చింది. జూన్ నుంచి దాన్ని బొబ్బిలిలో తన దగ్గరే ఉంచుకుని చదివిస్తానని సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి ఫోన్లో ఒకటే పోరు.

"బడికోసం కాదే. గుంటకి మన పద్ధతులేటో తెలకుండా పోతన్నాయి. ముగ్గెయ్యమంటే ఎర్రమట్టి తెచ్చి గోడకి పూస్తాది. దేవుడి పాటంటే కొండోళ్ల ధింసా పాట ఎత్తుకుంటాది."

మా ఆయన్ని అడిగితే "నీ ఇష్టం" అన్నారు. మగవాళ్లు ఆ మాట ఎందుకంటారో పెళ్లయిన వాళ్లందరికీ తెలుసు.

నాకు పిల్లని పంపడం ఇష్టం లేదు. అది పక్కన లేకపోతే నాకు నిద్ర కూడా పట్టదు. కానీ అమ్మ అన్నదాంట్లో ఎంతో కొంత నిజం లేకపోలేదన్న అనుమానం కూడా లోపల పీకుతూనే ఉంది. నేనేమీ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. శుక్రవారం దీపం దానిచేతే పెట్టిస్తాను. రామాయణం సగం, భారతం సగం అన్నం ముద్దలతోపాటు తినిపించాను. అయితే మా అమ్మాయికి దేవుళ్లంటే చుట్టాల లెక్క. ఊరి దేవత మన దుర్గమ్మకి అక్కా చెల్లెలా అని ఒకరోజు అడిగింది. చెల్లెలేమో అన్నాను. అయితే మనింటి పండగలకి ఎందుకు రాదు అంది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పారిపోయాను. క్రిస్మస్‌కి వీధి చివరి టీచరుగారింట్లో కేకు తినొచ్చి, ఏసుబాబుకి కూడా ఒక దీపం పెట్టమంది. పెట్టాను, ఏం చేస్తాను?

అందుకని ఈ ఉగాదికి ఒక పథకం వేశాను. పచ్చడి పిల్లే చెయ్యాలి, పిల్లే దేవుడి దగ్గర పెట్టాలి, వాళ్ల అమ్మమ్మ కళ్లారా చూడాలి. శివరాత్రి వెళ్లిన దగ్గర్నుంచి దానికి పాఠం మొదలుపెట్టాను. బెల్లం తీపి, చింతపండు పులుపు, వేపపువ్వు చేదు, మామిడిముక్క వగరు, ఉప్పు, కారం. జడ వేస్తూ అడిగేదాన్ని, స్నానం చేయిస్తూ అడిగేదాన్ని. తడుముకోకుండా చెప్పేది. ఇక అమ్మ నోరు మూతపడినట్టేనని లోలోపల సంబరపడ్డాను.

పండగ పొద్దున పిల్ల తలంటు పోసుకుని, పట్టులంగా కట్టుకుని, గిన్నె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. బెల్లం తురిమింది. చింతపండు పిసికింది. అమ్మ గుమ్మం దగ్గర పీట వేసుకుని పరీక్షాధికారిలా చూస్తోంది.

"వెళ్లి మామ్మనడిగి ఒక కాయ కోయించుకురా" అన్నాను. ఎదురింటి అత్తని అది మామ్మా అంటుంది.

పిల్ల కదల్లేదు. "ఇంకా కొత్త అవలేదు కదమ్మా" అంది.

ఇక్కడ మామిడికాయైనా, చేలో గింజైనా ముందు ఊరి దేవతకి పెట్టాకే మనుషులు నోట్లో పెట్టుకుంటారు. ఆ పండగనే కొత్త అంటారు. మామిడి కొత్త ఏ రోజో ఊరి పెద్దలు కూర్చుని చెబుతారు. అప్పటిదాకా కొమ్మలు పిందెలతో వంగిపోయినా ఒక్కరూ చెయ్యి వెయ్యరు. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. కాని ఏటా మా ఆయన ఉగాదికి శృంగవరపుకోట నుంచి కాయ తెచ్చేవారు, కాబట్టి ఇబ్బంది రాలేదు. ఈసారి అమ్మ తెస్తుంది కదా అని ఆయన తేలేదు. మాకు చెట్టుంది కదా అని అమ్మ తేలేదు.

"అది వాళ్ల పద్ధతే. మన ఉగాదికి మనం కోసుకోవచ్చు" అన్నాను.

"కోస్తే తప్పమ్మా."

"సూసేవా? నాన్సెప్పిందిదే" అంది అమ్మ గుమ్మంలోంచి.

ఆ మాటతో నాకు ఒళ్లు మండిపోయింది. నా కోపం సంగతి మా వీధిలో అందరూ ఎరుగుదురు. దోటి కర్ర తీసుకుని విసవిసా వాకిట్లోకి నడిచాను. ఎదురుగా అత్త అరుగు అలుకుతోంది. నన్నూ, కర్రనూ, చెట్టునూ చూసింది. ఎర్రమట్టి చేతులతోనే లేచి నిలబడింది.

"కోసుకోండమ్మా. మీకు పట్టింపు నేదు కదా" అంది.

అందులో ఎత్తిపొడుపేమీ లేదు. ఆవిడ మంచితనం కొద్దీ అన్న మాటే. అయినా నాకు ఎక్కడో గుచ్చుకుంది. వెనకాలే పరిగెత్తుకొచ్చిన పిల్ల నా కొంగు పట్టుకుంది.

"మనకెందుకు పట్టింపు లేదు? మనం ఈ ఊరోళ్లం కాదేటి?"

మళ్లీ తనే అంది. "దేవుడికి పెట్టకుండా తింటే ఎంగిలని నువ్వే చెప్పావు కదా."

"ఇప్పుడు కోసేది దేవుడికే కదే!"

"చెట్టు ఈ ఊరిది. ముందు ఊరి దేవతకి పెట్టాలి. తరవాత మన దేవుడికి." దాని కళ్లలో నీళ్లు తిరిగాయి గాని గొంతు తగ్గలేదు.

దోటి కర్ర గోడకి చేరవేశాను. పండగ పూట పిల్లని ఏడిపించే ధైర్యం నాకు లేదు. పథకం మట్టిలో కలిసింది, జూన్‌లో ఇది వెళ్లిపోతుంది అనుకున్నాను. 

అమ్మ ఎప్పుడు లేచి వచ్చిందో, మెట్ల మీద నిలబడి ఉంది. చాలాసేపు మనవరాలిని చూసింది.

"సరే గాని, మరి వగరుకేటి సేస్తావే? ఒక రుచి తగ్గితే అది పచ్చడెలాగవుతాది?" అని గట్టిగా అడిగింది.

 పిల్ల కళ్లు తుడుచుకుని పెరట్లోకి పరిగెత్తి, గుప్పెడు జామపిందెలు తెచ్చింది. "జామకి కొత్త లేదు కదా. ఇవి కొరికితే నోరు పట్టేస్తాది అమ్మమ్మా."

అమ్మ ఒకటి కొరికి చూసింది. ముఖం అష్టవంకర్లు తిరిగింది. "వగరే. తరుగు మరి" అంది.

పచ్చడి బాగా కుదిరిందని అబద్ధం చెప్పను. వేపపువ్వు ఎక్కువ పడింది. మా ఆయన కిక్కురుమనకుండా గ్లాసుడు తాగి, కూతురి నెత్తిన చెయ్యి వేసి ఆఫీసుకి పోయారు. కరెంటు వాళ్లకి పండగలేమిటి? పిల్ల ఆకు దొప్పలో పోసి అత్తకి పట్టుకెళ్లింది. ఆవిడ వేలు ముంచి, "మామిడి నేదు కదా?" అని అడిగింది. "నేదు మామ్మా" అంది ఇది. ఆవిడ దొప్ప ఎత్తి మొత్తం తాగేసి, అడుగు కూడా నాకింది.

ఆ సాయంత్రం దీపం పెట్టాక అమ్మ నా పక్కన కూర్చుని చిన్నప్పటి మాటలు తీసింది. వాళ్ల అమ్మ కూడా కొత్త బియ్యం పరమాన్నం వండి దేవుడికి పెట్టేదాకా పిల్లల్ని ఆ గింజ ముట్టనిచ్చేది కాదట. "నానే మానేసేను. కొట్లో కొన్న బియ్యానికి కొత్తేటి, పాతేటి అనీసి" అంది.  

మర్నాడు అమ్మని బస్సెక్కించడానికి ముగ్గురం వెళ్లాం. పిల్ల కిటికీ ఊచ పట్టుకుని, "అమ్మమ్మా, నువ్వు కూడా కొత్త అయ్యేదాకా తినకు. నేను ఫోన్ చేస్తాను" అంది.

"నాకేటి సంబంధమే?" అని నవ్వింది అమ్మ. తరవాత నాకేసి చూసి, "జూన్ సంగతి ఫోన్లో మాటాడుకుందారి" అంది. బస్సు కదిలింది. ఇంటికి వచ్చేదారిలో పిల్ల గెంతుతూనే ఉంది, నేను మాత్రం జూన్‌కి ఇంకా ఎన్ని వారాలుందో లెక్కపెట్టుకున్నాను.

తరవాత అమ్మ ఎప్పుడు ఫోన్ చేసినా ఇక జూన్ మాటే వస్తుందనుకునేదాన్ని. ఆరోగ్యాలు, వానలు, పక్కింటి గొడవలు అన్నీ చెప్పేది గాని ఆ ఊసు ఎత్తేది కాదు. ఒకరోజు నేను జాకెట్టుకి కాజాలు కుడుతుంటే ఫోన్ వచ్చింది. "గుంటకియ్యే" అంది. స్పీకరు పెట్టాను.

"ఏటే, ఇక్కడ సంతలోకి కాయలు దిగిపోనాయి. ఈదంతా మామిడికాయ పప్పు వోసనే. నాను మాత్రం ఇంట్లోకి రానియ్యనేదు. నోరూరి సచ్చిపోతన్నాను. మీ ఊర్ల కొత్త అయ్యిందా నేదా బేగి సెప్పు."

"వచ్చే ఆదివారం అమ్మమ్మా! పెద్దోళ్లు చెప్పేశారు."

"అయితే ఆదివారం దాకా ఆగుతాను. పెట్టీగానే ఫోన్ సెయ్యి, మర్సిపోకు."

పిల్ల ఆ సంగతి మామ్మకి చెప్పడానికి పరుగు తీసింది. ఇక ఉండబట్టలేక నేనే అడిగేశాను. "అమ్మా, జూన్ సంగతి ఏం చేద్దాం? దాన్ని పంపమంటావా?"



"దాన్ని ఇక్కడికి తెచ్చీసుకుంటే, మామిడి కొత్త ఎప్పుడో నాకు ఎవులు సెప్తారే?" అని ఫోన్ పెట్టేసింది.