టేబుల్ మీద నడిచిన డ్రాగ్‌లైన్

పెండ్లయి ఎన్నో ఏండ్లు గడిచినా మా ఆయన నడిపే మిషన్‌ను నేను కండ్లతోటి చూడలే. గోదావరిఖనిల మా క్వార్టర్ల లైన్ల ఉన్న ఏ ఆడామె కూడ చూడలే. టిఫిన్ డబ్బా కట్టిచ్చి పంపుడు, మట్టి కొట్టుకపోయిన బట్టలు పిండుడు, షిఫ్టు దిగే టైముకు వాకిలి దిక్కు చూసుడు. గని గురించి మాకు తెలిసింది అంతే. నేను దవాఖానల నర్సును కాబట్టి గనిల దెబ్బలు తాకినోళ్లను చూసిన గాని, గనిని చూడలే.

మా ఆయనది డ్రాగ్‌లైన్. బొగ్గు మీద ఉన్న మట్టిని, రాయిని తోడి పక్కకు పోసే మిషన్ అది. దూరం నుంచి బస్సుల పోతుంటే దాని బూమ్ ఒక్కటి, ఆకాశంలకు లేపిన చెయ్యి లెక్క మట్టి గుట్టల పైన కనబడేది. కింద ఏముంటదో తెల్వదు.

మా అత్తమ్మకు ఆ మిషన్ అంటే వేరే లెక్క. ఆమె ఊరు, ఆమె చెలక ఆ మిషన్ తవ్వే ఓపెన్‌కాస్టు గనిల్నే పోయినయి. ఆ భూమి పోయినందుకే మా ఆయనకు కొలువొచ్చింది. హెల్పర్‌గ చేరి, మెల్లమెల్లగ ఎదిగి, ఆఖరికి ఆ మిషన్ కుర్చీల కూసున్నడు. అత్తమ్మ అన్నం పెట్టినప్పుడల్ల అడిగేది.

"నా చెలకను తవ్వింది ఎట్లుంటదిరా?"

"పెద్దగుంటదే అవ్వా."

"ఎంత పెద్దగ?"

"మస్తు పెద్దగ."

అంతే. మా ఆయన మాట్లాడేదే తక్కువ. అన్నం తినేటప్పుడు ఇంక తక్కువ.

దుబాయిల పనిచేసే మా మరిది ఒకసారి సెలవు మీద వచ్చినప్పుడు ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చిండు. లోపల ప్లాస్టిక్ ఇటుకలు, పళ్ల చక్రాలు, కడ్డీలు, ఒక చిన్న మోటరు, బ్యాటరీల డబ్బా. పెట్టె మీద క్రేన్ బొమ్మ ఉన్నది.

"పిల్లల సామాను మాకెందుకయ్యా?" అన్న నేను.

"పిల్లలది కాదు వదినా, పెద్దోళ్లదే. ఆడ పెద్ద పెద్ద ఇంజినీర్లు కొనుక్కుంటరు. బొమ్మ చూడంగనే అన్న యాదికొచ్చిండు."

అందరం నవ్వినం. మా ఆయన దాన్ని బీరువా మీద సూట్‌కేసు పక్కన పెట్టిండు. ఆడనే దుమ్ము పట్టింది.

తెలంగాణ కోసం బొగ్గు బాయిలన్ని బందయినయి కదా, ఆ సమ్మె రోజులు. పొద్దున మా ఆయన ధర్నా కాడికి పోయి వచ్చేటోడు. మధ్యాహ్నం నుంచి ఆయనకు ఏం తోచేది కాదు. చేతులు ఊకనే ఉండలేకపోయేటియి. కుర్చీల కూసోని లేని లీవర్లను పట్టుకున్నట్టు వేళ్లు ఆడిచ్చేటోడు. మాకు దవాఖానల డ్యూటీలు నడిచినయి. ఒక రోజు డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి మంచం మీది దుప్పటి నేల మీద పరిచి ఉన్నది. దాని మీద ఆ ఇటుకలన్ని కుప్ప. మధ్యల మా ఆయన.

"ఏందయ్యా ఇది?"

"క్రేన్ చేస్తున్న" అన్నడు తల ఎత్తకుండ.

పొద్దు గూకే లోపల క్రేన్ నిలబడ్డది. మీట నొక్కితే మోటరు గుర్రుమన్నది. దారానికి కట్టిన చాయ చెంచా మెల్లగ పైకి లేచింది. మా ఆయన గట్టిగ నవ్విండు. సమ్మె మొదలైనంక ఆయన నవ్వుడు అదే మొదలు. నాకు కూడ చెయ్యి పెట్టాలనిపిచ్చింది. ఒక చక్రం మార్చిన, చెంచా జల్ది లేచింది. ఇంకొకటి మార్చిన, మెల్లగ లేచింది గాని ఈసారి గిలాసను కూడ లేపింది. అట్ల ఎందుకైందని ఆలోచించుకుంట కూసున్న. వంట సంగతి మరిచిన.

"క్రేన్ ఎందుకు? నీ మిషన్ చేద్దాం. అత్తమ్మకు చూపిద్దాం" అన్న.

ఆయన చేతిల ఉన్న చక్రాన్ని తిప్పి చూసిండు. తర్వాత "కష్టం. అది నడువాలె" అన్నడు.

"చక్రాలున్నయి కదా."

"దానికి చక్రాలుండయి. కాళ్లుంటయి."

గిన్నేండ్ల కాపురంల ఆ మాట నేను మొదటిసారి విన్న. అంత పెద్ద మిషన్‌కు కాళ్లుంటయని, అది అడుగులు వేసుకుంట పోతదని.

మా పెట్టెల ముక్కలు సరిపోలే. అప్పుడే మాకు సారు దొరికిండు. ఎదురు లైన్ల ఉండే సైన్సు సారు, మంథని ఆయన. బీపీ చూపించుకోవడానికి మా ఇంటికి వచ్చేటోడు. ఆ రోజు గడపల అడుగు పెట్టి, నేల మీది ఇటుకలను చూసి, బీపీ సంగతి మరిచి దుప్పటి మీదనే కూసున్నడు.

"సిస్టరమ్మా, మీ ఇంట్ల ఈ మోటరు ఉన్నదని నాకు చెప్పనేలేదు!"

తెల్లారి మమ్మల్ని వాళ్లింటికి పిలిచిండు. వెనుక అర్రల పోపుల డబ్బాలు వరుసగ పేర్చి ఉన్నయి. మూతలు తీస్తే ఆవాల తావుల చిన్న పిన్నులు, జీలకర్ర తావుల పళ్ల చక్రాలు. హైదరాబాదుకు పోయినప్పుడల్ల పాత సామాన్ల సంతల ఏరుకొచ్చి, ఎన్నో ఏండ్ల నుంచి కూడబెట్టిండు. బడిల నవ్వుతరని ఎవ్వరికీ చెప్పలే.

"పిల్లలు పెద్దోళ్లయిన్రు, ఈయన చిన్నోడైండు" అన్నది వాళ్లింటామె, చాయ పెట్టుకుంట. అన్నది గాని, ఆమె మొహంల కోపం లేదు. తన మొగనితోటి కలిసి ఆ డబ్బాలను చూసేటోళ్లు దొరికిన్రని ఆమెకే ఎక్కువ ఖుషీ అయినట్టుండె.

సారుకు ఒక్కటే నియమం. "కొయ్యొద్దు, అతికియ్యొద్దు. ఉన్న ముక్కలతోటే చెయ్యాలె."

సమ్మె అయిపోయింది, డ్యూటీలు మొదలైనయి. సెలవు దొరికిన రోజు ముగ్గురం కూసునేటోళ్లం. పసుపు ఇటుకలతోటి మోటర్లు, ఆపరేటరు ఉండే ఇల్లు కట్టినం, నల్ల కడ్డీలతోటి బూమ్ లేపినం, పతంగి దారంతోటి బకెట్ వేలాడదీసినం. బకెట్ లేచింది, దిగింది. ఇల్లు గుండ్రంగ తిరిగింది. గంత వరకు మంచిగనే అయింది.

నడక కాడికి వచ్చేసరికి ఆగిపోయినం. రెండు పక్కల రెండు కాళ్లు పెట్టి, ఒక్కొక్క కాలుకు ఒక్కొక్క మోటరు బిగించినం. మీట నొక్కితే ఒక కాలు ముందుగాల లేసేది, ఇంకోటి వెనుక లేసేది. కల్లు తాగినోని లెక్క ఊగి, చుట్టు తిరిగి, బూమ్‌తో సహ బోర్ల పడేది. ముక్కలన్ని మంచం కిందికి ఉరికేటియి. అత్తమ్మ కాలుకు ఒకటి గుచ్చుకుంటే మా ముగ్గురినీ కలిపి తిట్టింది. మల్ల కట్టినం, మల్ల పడ్డది. సారు మోటర్లు మార్చిండు, నేను చక్రాలు మార్చిన. పడుడు మాత్రం మారలే.

ఒకనాడు మా ఆయన లేచి, "మీరు నడకే తప్పు చేస్తున్నరు" అని నేల మీద బోర్ల పండుకున్నడు. రెండు మోచేతులు ఒక్కసారే ముందటికి పెట్టిండు. వాటి మీద బరువు ఆనించి ఛాతీ లేపిండు. ఒళ్లును ఇగ్గుకోని ముందటికి జరిగిండు. ఛాతీ నేలకు ఆనించి, మోచేతులు లేపి మల్ల ముందటికి పెట్టిండు. గట్ల అర్ర ఈ కొస నుంచి ఆ కొసకు పాకిండు.

చప్పుడు విని అత్తమ్మ ఉరికొచ్చింది. "అయ్యో, నా కొడుకుకు ఏమైందే!"

"ఏం కాలేదే అవ్వా. మిషన్ ఎట్ల నడుస్తదో చూపిస్తున్న."

"గట్ల పాకుతదా?"

"గట్లనే. గాని బూమ్ ఒక దిక్కుంటే అది ఇంకో దిక్కు, వెనుకకు నడుస్తది."

నేను ఆయన మోచేతులనే చూస్తున్న. రెండూ ఒక్కసారి లేస్తున్నయి, ఒక్కసారి దిగుతున్నయి. నడుమ ఉన్న ఒళ్లు ఒక్కటే కదా.

"సారూ, రెండు మోటర్లు వద్దు. ఈ పక్క నుంచి ఆ పక్కకు ఒక్కటే ఇరుసు పెడుదాం. నడుమ ఒక్కటే మోటరు."

సారు కండ్లద్దాలు తీసి తుడుసుకోని పెట్టుకున్నడు. వెంటనే పాతది విప్పుడు మొదలుపెట్టిండు.

ఆ ఇరుసు బరువుకు మురుకు లెక్క మెలిపడ్డది. సారు దానికి రెండు కొసల కాడ ఆసరా కట్టిండు. స్క్రూ లాంటి గేరు ఒకటి పెట్టి మోటరు వేగాన్ని బాగ తగ్గిచ్చి బలం పెంచిండు. బూమ్ బరువుకు ముందటికి ఒరుగుతున్నదని నేను బ్యాటరీల డబ్బాను వెనుకకు జరిపిన. ఇగ మిగిలింది కాళ్లు జారుడు. షాబాదు బండల మీద ప్లాస్టిక్ నిలుస్తలేదు. నేను పాత సైకిల్ ట్యూబు తెచ్చి కత్తెర పట్టుకున్న.

"కొయ్యొద్దన్న కదమ్మా!" సారు చెయ్యి అడ్డం పెట్టిండు.

"మీ ముక్కలను కోస్తలేను సారూ. ఇది సైకిల్ ట్యూబు. దీన్ని కొయ్యొచ్చు."

సారు ఆలోచించిండు. తర్వాత నవ్వుకుంట చెయ్యి తీసిండు. "అతికియ్యొద్దు మరి, తొడుగు" అన్నడు. కాళ్లకు రబ్బరు తొడిగిన.

మీట నొక్కినం. కాళ్లు రెండు దిగినయి. పసుపు ఇల్లు బూమ్‌తో, బకెట్‌తో మొత్తం పైకి లేచింది. వెనుకకు జరిగింది. మెత్తగ కూసున్నది. కాళ్లు మల్ల లేచినయి. ముగ్గురం వంగి చూస్తున్నం. ఒక బండ దాటింది, రెండో బండ మీదికొచ్చింది. మా ఆయన నా భుజం మీద చెయ్యి వేసి గట్టిగ ఒత్తిండు. సారు వాళ్లింటామెను కేకేసి పిలిచిండు, ఆమె వచ్చేదాక ఆగక మల్ల మల్ల నడిపిచ్చిండు.

అప్పుడు అత్తమ్మ మందమర్రిల మా ఆడబిడ్డ ఇంటికి పోయి ఉన్నది. ఆమె వచ్చే వారమే కాలనీల లేడీస్ క్లబ్బు ఎగ్జిబిషన్. ఆడనే చూపిద్దామని నేననుకున్న.

క్లబ్బుల ఏర్పాట్లు చూసే మేడమ్ మా మిషన్‌ను చూసి ఆగింది. "సిస్టర్, ఇది ఏ విభాగంల రాయాలె?"

"చేతిపనులు."

"బొమ్మలు పిల్లల విభాగం కదా."

"దీన్ని పిల్లలు చేయలే మేడమ్. మేం ముగ్గురం చేసినం."

ఆమె నవ్వి రాసుకున్నది. ఊలుతోటి అల్లిన తోరణాలకు, రంగులేసిన సీసాలకు నడుమ మాకు ఒక టేబుల్ ఇచ్చిన్రు. దాని మీద లేసు గుడ్డ పరిచి ఉన్నది. ఆ తొందరల దాని సంగతి ఎవ్వరం ఆలోచించలే.

జనం వచ్చిన్రు. మా ఆయన మీట నొక్కిండు. ఒక అడుగు పడ్డది. రెండో అడుగుకు కాలు లేసు గుడ్డల చిక్కుకొని మిషన్ ఒరిగింది. పడుతదనంగ సారు బూమ్ పట్టుకున్నడు. నేను అమాంతం ఆ గుడ్డను కింది నుంచి గుంజి అవతల పడేసిన. ఎవరో నవ్విన్రు.

"మల్ల నొక్కు" అన్న మా ఆయనతోటి.

ఉత్త చెక్క మీద అది నడిచింది. లేచి, జరిగి, కూసోని, మల్ల లేచి, ఆ కొస నుంచి ఈ కొస దాక ఒక్కసారి కూడ తడబడకుండ నడిచింది. ముందుగాల నవ్వినోళ్లే చప్పట్లు మొదలుపెట్టిన్రు. ఊలు తోరణాల కాడున్న ఆడోళ్లంత మా టేబుల్ చుట్టు చేరిన్రు.

"మా ఆయన చెప్పేది దీని గురించేనా?"

"గంత ఎత్తు మీదికి ఎట్ల ఎక్కుతరు?"

"అన్నం యాడ తింటరు?"

ఒక ముసలామె సిగ్గుపడకుంట "ఒంటికొస్తే ఏం జేస్తరు బిడ్డా?" అని అడిగితే నవ్వులతోటి క్లబ్బు దద్దరిల్లింది. మా ఆయన అన్నిటికీ జవాబు చెప్పిండు. ఆయన అంత మాట్లాడుడు నేను ఎన్నడూ చూడలే.

అత్తమ్మ ముందు కుర్చీల కూసోని అంతా చూసింది. నవ్వలే, చప్పట్లు కొట్టలే. అందరూ కొద్దిగ సద్దుమణిగినంక లేచి టేబుల్ కాడికొచ్చింది.

"నువ్వు యాడ కూసుంటవురా?"

మా ఆయన ముందటి చిన్న అద్దాల అర్రను చూపిచ్చిండు. అత్తమ్మ దాన్ని వేలితోటి ముట్టింది.

"ఒక్క బకెట్‌కు నా చెలక ఎంత పోయుంటది?"

మా ఆయన తల వంచుకున్నడు. అబద్ధం చెప్పలే. "ఒక మూల పోతదే అవ్వా."

చుట్టు ఉన్నోళ్లు ఇంక దగ్గరికి జరిగిన్రు. వాళ్లల్ల చానమందివి అట్ల పోయిన ఊర్లే. అత్తమ్మ ఆ బకెట్ దిక్కు చూసి, మీట ఉన్న డబ్బా కోసం చెయ్యి చాపింది. "ఇటియ్యి."

మా ఆయన ఇచ్చిండు. ఆమె నొక్కింది. మిషన్ లేచింది, ఒక అడుగు వేసింది. వదిలింది. ఆగింది. మల్ల నొక్కింది. టేబుల్ కొస దాక నడిపిచ్చి, ఆపి, అందరి దిక్కు తిరిగి గొంతు పెంచి చెప్పింది.

"నన్ను అడుగకుంటనే నా చెలకలకు వచ్చింది. ఇయ్యాల నేను నడువుమంటే నడుస్తున్నది, ఆగుమంటే ఆగుతున్నది."

ఆడోళ్లు కొట్టిన చప్పట్లకు బయట నిలబడ్డ మొగోళ్లు లోపలికి ఉరికొచ్చిన్రు. మా ఆయన కండ్లు తుడుసుకుంట నవ్విండు. నేను కూడ.

చేతిపనులల్ల మొదటి బహుమతి మాకే వచ్చింది, ఒక హాట్‌బాక్స్. దాన్ని సారు రెండు చేతులతోటి తల మీదికెత్తి చూపిచ్చిండు. బడిల నవ్వుతరని ఇన్నేండ్లు డబ్బాలు దాచిన మనిషి, తన బడి టీచర్ల ముందటనే నిలబడి మీట ఎట్ల పనిచేస్తదో చెప్పిండు. ఆ తర్వాత ఒక ఫిట్టరు, ఒక కాంపౌండరు మాతోటి కలిసిన్రు. రాష్ట్రం వచ్చేనాటికి మా అర్ర సరిపోక సారు వాళ్ల వరండా పట్టినం.

ఎగ్జిబిషన్ రోజు క్లబ్బుల ఉన్న ఒక గని ఆఫీసరును ఆడోళ్లు చుట్టుముట్టి, అసలు మిషన్ మేమెప్పుడు చూడాలె అని గట్టిగ అడిగిన్రు. ఆయన పెట్టిచ్చిన బస్సుల కొన్ని రోజులకే మేమంత ఓపెన్‌కాస్టు గట్టు మీదికి పోయినం. కింద లోతుల డ్రాగ్‌లైన్ నిలబడి ఉన్నది. లోపల మా ఆయన డ్యూటీల ఉన్నడు. సైరన్ కూసింది.

"అవిగో కాళ్లు! ఇగ లేస్తది సూడున్రి" అని అత్తమ్మ పక్కన ఉన్నోళ్లకు వేలు పెట్టి చూపిచ్చింది. అది లేచింది. బంగ్లంత ఇల్లు, దాని మీది బూమ్, మొత్తం నేల నుంచి ఎత్తుకోని ఒక్క అడుగు వెనుకకు వేసింది. మా కాళ్ల కింద గట్టు అదిరింది. బస్సెడు ఆడోళ్లం గొంతులు పగిలేటట్టు అరిచినం.