‘లాగొద్దు’ అన్న మా డ్రిల్లు మాస్టారు

మొన్న మంగళవారం పొద్దున, గుంటూరు బ్రాడీపేటలో నా కళ్లజోళ్ల షాపు షట్టరు ఎత్తుతుండగా ఊరి నుంచి ఫోను వచ్చింది. మా బాబాయి కొడుకు. “అన్నా, మాస్టారు పోయారు. గుండెపోటంట. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక మట్టి చేస్తారంట, తొందరగా రా” అన్నాడు. సగం ఎత్తిన షట్టరును మళ్లీ దించేశాను. తాళం ఎటు తిప్పాలో కాసేపు తెలియలేదు.

మీకు ఆయన తెలియదు. సత్తెనపల్లి దగ్గరి మా పల్లె హైస్కూల్లో డ్రిల్లు చెప్పేవారు. పొట్టి మనిషి. ఎండలో తిరిగి తిరిగి మెడ నల్లబడిపోయి, చొక్కా కాలరు కింద తెల్లగా గీత కనిపించేది. విజిల్ ఎప్పుడూ జేబులోనే ఉండేది కానీ ఊదేవారు కాదు. “గొంతుంది కదరా, దానికెందుకు పని” అనేవారు.

ఏటా వేసవి సెలవులకు ముందు ఆయన ఒక పాఠం చెప్పేవారు. అది ఏ పుస్తకంలోనూ లేదు. మా ఊరి పక్కనుంచి సాగర్ కాలువ పోతుంది. దాని మీద వంతెన ఉంది. పిల్లలు వంతెన మీంచి దూకుతారని అందరికీ తెలుసు. మమ్మల్ని షెడ్డు కింద కూర్చోబెట్టి, “నీళ్లలో దూకొద్దని మీ ఇళ్లలో ఏమేం చెబుతారో చెప్పండ్రా. ఏది నిజమో ఏది కాదో చూద్దాం” అనేవారు.

“అన్నం తిని దూకితే పేగులు మెలిపడతాయంట సార్.”

“అబద్ధం. ఆయాసం రావచ్చు, అంతే.”

“ముందు రాయి విసిరితే నీళ్లు మెత్తబడతాయంట.”

“రాయి మునుగుతుంది. నీళ్లు ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి.”

“ఎత్తు మీంచి దూకితే నీళ్లు సిమెంటు గచ్చులాగా తగులుతాయంట.”

“గచ్చు అయితే లోపలికెలా పోతావురా? గచ్చు కాదు. కానీ బాగా ఎత్తు మీంచి పడితే ఎముకలు విరిగేంత దెబ్బ తగులుతుంది. లోతుంది కదా, ఎంత ఎత్తు నుంచైనా దూకొచ్చు అనుకుంటారే, అదీ తప్పే.”

“నిన్న దూకాం, ఏం కాలేదు సార్.”

ఈ మాటకు మాత్రం ఆయన లేచి నిలబడేవారు. “నిన్నటి లోతు ఇవాళ ఉందని నీకెవరు చెప్పారు? పైన నీళ్లు తగ్గించి వదిలితే నీకు కబురు పెడతారా?”

చివరికి ఎవరో ఒకరు, తల ముందు పెట్టి దూకితే మెడ విరుగుతుందంట అనేవాళ్లు. ఆయన “నిజం” అనేవారు. ఇంకేమీ చెప్పకుండా మమ్మల్ని ఇంటికి పంపేసేవారు.

కొందరు పెద్దవాళ్లకు ఇది నచ్చలేదు. మా నాన్న ఒకసారి స్కూలుకు వెళ్లి, “పిల్లలకున్న కాస్త భయమూ పోగొడుతున్నారేంటండీ?” అని గట్టిగానే అడిగాడు. మాస్టారు ఆయనకు కుర్చీ వేసి, “అన్నం తిని దూకితే చస్తావని చెప్పామనుకోండి. ఒకరోజు తిని దూకుతాడు, నవ్వుకుంటూ బయటికొస్తాడు. ఆ తర్వాత మనం నిజం చెప్పినా నమ్మడండీ” అన్నారు. నాన్న ఇంటికొచ్చి ఆ మాటే అమ్మకు చెప్పాడు.

ఇంత విన్నవాణ్ని, నేను దూకాను. ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు అయిపోయాయి. వారం రోజులుగా అదే వంతెన, అదే చోటు. ఆ రోజు నీళ్లు బురదరంగులో ఉన్నాయి. తగ్గాయని ఎవరూ చూసుకోలేదు. స్నేహితులు చూస్తున్నారని తల ముందు పెట్టి దూకాను.

నొప్పి తెలియలేదు. చేతులు నావి కాకుండా పోయాయి, అంతే. వెల్లకిలా తేలుతున్నాను. ఇద్దరు స్నేహితులు వచ్చి నా చేతులు పట్టుకున్నారు. అప్పుడు గట్టు మీంచి కేక వినిపించింది.

“ఒరేయ్, లాగొద్దు! వదలండి! లాగొద్దురా!”

మాస్టారు సైకిల్ పడేసి, చెప్పులతోనే కాలువలోకి దిగారు. నీళ్లు ఆయన గడ్డం దాకా ఉన్నాయి. నా తల వెనక నిలబడి, ముంజేతులు రెండూ నా చెంపలకు ఆనించి, తల అటూ ఇటూ కదలకుండా పట్టుకున్నారు. “తలుపుచెక్క తీసుకురండి, పరిగెత్తండి” అని వాళ్లను పంపి, నాతో, “కదలకు నాన్నా. ఊపిరి తియ్యి. ఇంకే పనీ నీది కాదు” అన్నారు.

ఎంతసేపో నాకు తెలియదు. అరగంట అని తర్వాత చెప్పారు. అంతసేపూ ఆయన నా తల పట్టుకునే ఉన్నారు. ఒక్కసారీ వదలలేదు. మోటారు షెడ్డు తలుపు ఊడబెరికి తెచ్చి, నీళ్లలోనే దాని మీదికి నన్ను చేర్చి, తువ్వాళ్లతో కట్టి, అలాగే గుంటూరు తీసుకొచ్చారు. ఎముక విరిగింది కానీ లోపలి నరం తెగలేదని, కదిలించకుండా తెచ్చినవాళ్లకు దండం పెట్టమని డాక్టరు అన్నారు.

నడవడానికి ఆరు నెలలు పట్టింది. ప్రతి ఆదివారం ఆయన వచ్చి నా వేళ్లు ఒక్కొక్కటిగా వంచి, చాచేవారు. ఒక్కసారి కూడా “చెప్పానా” అనలేదు. ఇప్పటికీ కుడిచేతి రెండు వేళ్లకు స్పర్శ లేదు. మిగతా మూడింటితో కళ్లజోడు మరలు బిగిస్తాను.

అంత కంగారులో లాగకూడదని ఆయనకెలా తెలుసో, ఇన్నేళ్లలో నేనెప్పుడూ అడగలేదు. మొన్న ఆయన తల దగ్గర కూర్చుని, మాస్టారి భార్యనే అడిగాను. ఆమెను మేం అమ్మగారంటాం.

“నీకు చెప్పలేదా బాబూ?” అన్నారామె. “వాళ్ల తమ్ముడూ అలాగే దూకాడు. మా పెళ్లికి ముందు మాట. ఈయనే చంకల కింద చేతులేసి ఈడ్చుకొచ్చి, గట్టు మీద కూర్చోబెట్టి, తల వాలిపోతుంటే లేపి లేపి నీళ్లు తాగించారంట. నాలుగేళ్లు మంచంలో ఉండి చనిపోయాడు పిల్లాడు. వాడి మెడ దూకినప్పుడే పోయిందో, నేను లాగినప్పుడు పోయిందో అని ఎప్పుడూ అదే మాట.”

మళ్లీ ఆమే, “నిన్ను ఆస్పత్రిలో చేర్చిన రోజు కాలువ బురద బట్టలతోనే గడప మీద కూర్చుండిపోయారు. ఏమైందండీ అంటే, ‘ఈసారి నేను లాగలేదు’ అన్నారు. అప్పుడు ఏడ్చారు” అని చెప్పారు.

నాకు ఏడుపు ఆగలేదు. అడిగి ఉండాల్సింది. ఒక్క ఆదివారం నేనే నడిచొచ్చి ఆయన ఎదురుగా కూర్చుని అడిగినా, ఆ మాట ఆయన నోటి నుంచే విని ఉండేవాణ్ని. నలభై నాలుగేళ్ల వాణ్ని, ఆయన పాదాలు పట్టుకుని కూర్చున్నాను.

మధ్యాహ్నం దాటాక ఇంటి ముందు ఆటో ఆగింది. మిరపకోతకు వెళ్లిన ఆడవాళ్లు, కబురు తెలిసి చేను మధ్యలోంచే వచ్చేశారు. అందరూ ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే. చేతుల నిండా కాయల ఘాటు. కళ్లు తుడుచుకుంటే మంట. ఆయన చుట్టూ నిలబడి, చేతులు తమ ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని ఏడ్చారు. కన్నీళ్లు గడ్డాల మీంచి కారుతూనే ఉన్నాయి, ఎవరూ తుడుచుకోలేదు.