మా మేనత్త పేముబల్ల

చంద్రపూర్‌లో మా ఇంటి హాల్లో ఉన్న పేముబల్ల మా మేనత్తది. వచ్చినవాళ్లను దానిమీద కూర్చోబెట్టి, వెంటనే లేపేది ఆమె. పేము అల్లిన ఆ పైభాగమే మూత, కింద టేకు పెట్టె. చుట్టాలకిచ్చే కప్పులు, లడ్డూల డబ్బా అందులోనే ఉండేవి. అందుకే అరచెయ్యి పైకెత్తి, "జర లేవుర్రి" అనేది. వేరేచోట పెట్టమంటే వినేది కాదు.

"ఒకపారి లేసి కూసుంటె సిగ్గు పోతది" అనేది.

మా రాజురా ప్రాంతాన్ని హైదరాబాద్ రాష్ట్రం నుంచి తీసి బొంబాయిలో కలిపిన కొత్తలో, తెలుగు రాని తహసీల్దారు ఒకాయన అక్కడ అప్పట్లో అత్తవాళ్లుండే ఊరు చూడటానికి వచ్చాడు. మామయ్య హడలిపోతూ ఆయన్ను బల్లమీద కూర్చోబెట్టాడు. అత్త వచ్చి మామూలుగానే చెయ్యెత్తింది. పొమ్మంటోందనుకుని ఆయన టోపీ పెట్టుకుని గడప దాటాడు.

"కొంప ముంచినవ్ గదనే!" అన్నాడు మామయ్య.

అత్త మూత ఎత్తి, లడ్డూల డబ్బా తీసుకుని వాకిట్లోకి ఉరికింది. డబ్బాను, లోపల తెరిచి ఉన్న బల్లను చూశాక ఆయనకు సంగతి అర్థమైంది. పగలబడి నవ్వుతూ వెనక్కి వచ్చాడు.

మళ్లీ వచ్చినప్పుడు ఆయన కూర్చోలేదు. బల్ల పక్కన నిలబడి, అచ్చం అత్తలాగే అరచెయ్యి పైకెత్తాడు. నవ్వాలో వద్దో తెలియక మామయ్య మీసం దువ్వుకున్నాడు.

అత్త మాత్రం మూత తీస్తూ అంది: "సర్కారు కొత్తదైతేంది, సిగ్గు వోయింది. ఇగ మనోడే."