పేపర్ డబ్బాలో వెయ్యని నవల

నవల చివర్లో ఎవరైనా ఎవరినైనా క్షమించేస్తే, నాకు ఇప్పటికీ జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర ఒక చిన్న స్టేషన్లోని చెత్తడబ్బా గుర్తొస్తుంది.

ఎస్-బాన్ లోకల్ రైలు కోసం బెంచీ మీద కూర్చున్నాను. పక్కన మాస్టర్స్ చదివే వయసు అమ్మాయి తెలుగు నవల చదువుతోంది. ఉద్యోగానికిచ్చే బ్లూ కార్డ్ మీద ఈ దేశానికొచ్చాక తెలుగు అచ్చు కనబడితే నేను ఊరుకోలేను.

"ఎలా ఉందమ్మా?" అని అడిగాను.

ఆఖరి పేజీ మూసి, కుళ్ళిన పండు కొరికినట్టు మొహం పెట్టింది.

"ఛీ! పదహారేండ్ల పిల్ల అక్కా. మేనమామ ఆమె మీద చెయ్యేస్తడు. చెప్తే ఇంట్ల ఎవ్వరు నమ్మరు. ఆఖరికి ఈ పిల్లనే ఆయన కాళ్ళు మొక్కి, కోపం మర్చిపోతది. అదే ఎదుగుడంట! రాసినోనికి సిగ్గుండాలె."

నేను ఆ పుస్తకం అట్ట వైపు చూశాను.

"ఇలాంటిది ఎందుకు కొన్నావు?"

"కొనలే. మా అమ్మ పంపింది. ఇది చదివితే నాకు బుద్ధొస్తదంట."



రైలు వస్తుంటే లేచింది. ప్లాట్‌ఫామ్ మీది చెత్తడబ్బాకి వేర్వేరు అరలున్నాయి. కాగితాల అరని దాటి, ఎందుకూ పనికిరాని చెత్త వేసే అరలోకి ఆ పుస్తకాన్ని కుక్కింది. ఇక్కడ బతికి బతికి పట్టిన అలవాటు, నా నోరు ఊరుకోలేదు.

"పేపర్‌ది ఆ పక్కదమ్మా."

"తెలుసక్కా," అంది టిష్యూతో చేతులు తుడుచుకుంటూ. "అండ్ల వేస్తే మళ్ళ కాయితం చేస్తరు. దాని మీద మళ్ళ ఇదే అచ్చేస్తరు."